లాగ్‌లోకెక్కిన నా పప్పు

నాకు రాయడం రాదు. బైబిలు మటుకు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను, అదీ పెద్దక్షరాలదైతేనే. అందుకని నేను చెప్తుంటే మా చర్చిలో ఒకమ్మాయి టైపు చేస్తోంది. మధ్య మధ్యలో "కొంచెం మెల్లగా ఆంటీ" అంటోంది. మెల్లగా మాట్లాడ్డం నా గొంతుకి చేతకాదు. ఇక్కడ వర్జీనియాలో, హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఒక రెస్టారెంటు కిచెన్‌లో, ఆ ఎగ్జాస్ట్ ఫ్యాను మోతకి పైన అరిచి అరిచి ఇలా బొంగురుపోయింది. మా ఆయన అక్కడ వంటమాస్టరు, నేను ఉల్లిపాయలు తరిగే మనిషిని. ఆయన పోయాక ఆ కిచెన్ గడప తొక్కబుద్ధి కాలేదు. పక్కూరు షాంటిలీలో మా టౌన్‌హౌసు కింద బేస్‌మెంటు ఉంటే అద్దెకిచ్చుకుని, అందులో ఉండేవాళ్ళకే ఇంత వండిపెడుతూ కాలం గడిపాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ బేస్‌మెంటులో ఉన్న ఒక పిల్ల సంగతి. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. వరంగల్ పిల్ల. ఇక్కడే మాస్టర్స్ చదివి ఉద్యోగంలో చేరింది. చదువైపోయాక కొన్నాళ్ళు పని చేసుకోమని ఓపీటీ అని ఇస్తారు కదా, దాని మీద చేస్తోంది. అది ఆ ఎండాకాలానికి అయిపోతుంది. ఆలోపల కంపెనీ వాళ్ళు ఏప్రిల్‌లో హెచ్‌వన్ వీసాకి వేస్తే ఉంటుంది, వెయ్యకపోతే పెట్టె సర్దుకుంటుంది. వెయ్యాలా వద్దా అన్నది వాళ్ళ మేనేజరు నోటి మాట మీద ఉంది. ఆయనేమో ముందు మార్చిలో ప్రోగ్రాం రిలీజు కానివ్వు, తర్వాత మాట్లాడదాం అన్నాడట. ఇంక ఆ పిల్లకి తిండి సయించేది కాదు. నేనేం వండినా కెలికి వదిలేసేది. నా వంట కెలికి వదిలేస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఏమంటాం.

దాని పనేంటో నాకు మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకరోజు చపాతీలు వత్తుతూ కూర్చోబెట్టి అడిగాను. గోడౌన్లలో సరుకు ఏ షాపుకి పోవాలో చూసుకునే పాత ప్రోగ్రాం ఒకటి ఉందట. అది అప్పుడప్పుడు మొండిగేదెలాగా మధ్యలో నిలబడిపోతుందట. ఎక్కడ నిలబడిందో, ఎందుకు నిలబడిందో ఎవరికీ తెలీదు. ఎందుకంటే అది నోరు విప్పి చెప్పదు. దానికి నోరు పెట్టడమే ఈ పిల్ల పని. దానికి లాగింగ్ లైబ్రరీ అని ఒకటుందట. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. ఎవరో ముందే చేసిపెట్టిన సరంజామా, మనం తెచ్చి మన ప్రోగ్రాముకి తగిలించుకోవడమే. తగిలించాక, ఎక్కడ మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి, ఏ ఫైల్లో రాయాలి అన్నీ ఒక కాన్ఫిగ్ ఫైల్లో చెప్పాలి.

"ఎంత మాట్లాడాలని కూడా చెప్పాలా?" అన్నాను.

"లెవెల్స్ ఉంటయి ఆంటీ. పైన ఎర్రర్ అని ఒకటి ఉంటది, అది కొంప మునిగితేనే నోరు తెరుస్తది. కింద డీబగ్ ఉంటది. అది వసపిట్ట, ఒక్కటి వదలదు, అన్నీ చెప్తది."

"నేను ఏ లెవెల్లో ఉన్నానే?"

"మీరు డీబగ్. ఇంకా కిందిది ఉంటే అది."

అట్లా అనడానికి కారణం ఉంది. మా ఆయన పోయిన కొత్తలో నేను పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయి బయటికెళ్తే, ఇల్లంతా పొగ కమ్మి, ఫైరింజను వచ్చి, వీధంతా గుమిగూడి నానా యాగీ అయింది. అప్పట్నుంచీ నేను చేసే ప్రతి పనీ పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఉప్పేశాను. మూతపెట్టాను. పొయ్యి కట్టేశాను. తలుపేశాను. చెవిన పడితే గుర్తుంటుంది, చేత్తో చేసింది గుర్తుండదు. చర్చిలో ప్రార్థనకి కళ్ళు మూసుకున్నా సరే, పొయ్యి కట్టేశాను అన్న మాట లోపల వినబడితేనే నాకు స్థిమితం. వరంగల్ పిల్లకి మొదట్లో నాకు మతి చలించిందేమో అనిపించిందట. తర్వాత అలవాటు పడింది.

ఫిబ్రవరిలో మంచు పడింది. మామూలుగా పడలేదు, మోకాళ్ళు దాటింది. కారు ఎక్కడుందో తవ్వి వెతుక్కోవాలి. ఆఫీసులు మూసేసి, అందరూ ఇళ్ళ నుంచే చేసుకోమన్నారు. బేస్‌మెంటులోకి వైఫై సరిగా రాదు. అందుకని ఆ పిల్ల లాప్‌టాప్ తెచ్చుకుని నా డైనింగ్ టేబుల్ మీద తిష్ఠ వేసింది. నేను వంటింట్లో, అది టేబుల్ దగ్గర, మధ్యలో ఒక అరగోడ. వారమంతా అంతే.

ఆ వారం అది పడ్డ తిప్పలు చూస్తే జాలేసింది. లైబ్రరీ తగిలించింది. కాన్ఫిగ్ ఫైల్లో అన్నీ రాసింది. ప్రోగ్రాం నడిపిస్తే, అది తన మాటలు రాయాల్సిన లాగ్ ఫైల్లో అక్షరం ముక్క లేదు. ఖాళీ. లెవెల్ కిందికి దించింది, ఖాళీ. ఫైల్ పేరు మార్చింది, ఖాళీ. ఫైల్ పెట్టే ఫోల్డర్‌కి పర్మిషన్ లేదేమోనని అది చూసింది, ఇది చూసింది. చివరికి కాన్ఫిగ్ ఫైల్లో కావాలనే తప్పులు రాసి చూసింది. తప్పు రాస్తే ప్రోగ్రాం గోల పెట్టాలి కదా. అది కిమ్మనలేదు.

అప్పుడు అది కుర్చీ వెనక్కి నెట్టి, "ఆంటీ, ఇది నా ఫైల్ చదువుతనే లేదు," అంది.

"మరి ఎవరిది చదువుతోంది?"

అదే వెతికింది మధ్యాహ్నం దాకా. పాత ప్రోగ్రాంతోపాటు ఎప్పుడో ఎవరో మూట కట్టి పెట్టిన సామానొకటి ఉందట, దాని కడుపులో అచ్చం ఇదే పేరుతో ఇంకో కాన్ఫిగ్ ఫైల్ ఉందట. అందులో ఏమీ రాయొద్దని ఉంది. ప్రోగ్రాముకి ముందు అది దొరుకుతోంది, దొరికిందే చాలనుకుని ఈ పిల్ల ఫైల్ దాకా రావడం లేదు. మా హాల్లో గోడకి, ఇంట్లో వేడి పెంచే పాత థర్మోస్టాట్ ఒకటి ఉంది. కొత్తది మేడ మీద పెట్టించాక దాని వైరు తీసేశారు. తెలీనివాళ్ళు వచ్చి చలేస్తోందని దాన్ని తిప్పుతూనే ఉంటారు. "నేను మీ పాత థర్మోస్టాట్ తిప్పిన ఆంటీ వారం నుంచి," అని నెత్తి కొట్టుకుంది. లోపలున్న ఫైల్ పీకి పారేసింది. లాగ్ వచ్చింది. ఎగిరి గంతేసింది.

వచ్చింది గానీ ప్రతి ముక్కా రెండేసి సార్లు వస్తోంది. నాకేమో అది బాగానే ఉన్నట్టనిపించింది, ఒకటికి రెండుసార్లు చెప్తే మంచిదేగా. కాదట. ఈ లాగ్ రాసే ముక్కల్లో కూడా తల్లీపిల్లల వరస ఉంటుందట. పిల్ల చెప్పిన మాట తల్లికి కూడా చేరుతుందట, మన వరంగల్ పిల్ల ఇద్దరికీ విడివిడిగా ఫైల్లో రాయమని చెప్పింది కాబట్టి ఇద్దరూ రాస్తున్నారు. పిల్ల మాట తల్లికి చేరకుండా ఒక చోట ఏదో మార్చింది. సరిపోయింది.

ఇంతలో అది ఇంకో పని కూడా చేస్తోంది. నాకప్పుడు తెలీదు. ప్రోగ్రాం ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి ఒక్కో చోట ఒక్కో గుర్తు మాట పెట్టాలట. అందరూ 'హియర్' అనో 'టెస్ట్' అనో పెడతారు. ఆ పాత ప్రోగ్రాములో ఇంతకుముందు పనిచేసినవాళ్ళందరూ అవే పెట్టి పోయారు. వెతికితే కుప్పలు కుప్పలుగా దొరుకుతున్నాయి, తనది ఏదో తెలీడం లేదు. అందుకని ఎవరూ పెట్టని మాట కావాలని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెట్టింది. మొదటిది 'ఇక్కడిదాకా వచ్చింది' అని పెట్టిందట. తర్వాతి వాటికి ఏం పెట్టాలో తోచలేదు. అరగోడకి ఇవతల నేను ఉప్పేశాను, మూతపెట్టాను అని రేడియోలాగా మోగుతూనే ఉన్నాను. చెవిన పడ్డది పడ్డట్టు కొట్టేసింది. నేనేదో అనడం, అది టకటకా కొట్టడం, తనలో తను నవ్వుకోవడం. ఏంటే నీ నవ్వు అంటే, ఏం లేదాంటీ మీ పని మీరు కానియ్యండి అనేది. నేను కూడా పిచ్చిదానిలాగా సరేలే, పిల్ల నవ్వింది చాలు అనుకున్నాను.

అవన్నీ డీబగ్ లెవెల్లో పెట్టింది కాబట్టి, రిలీజు టైముకి లెవెల్ పైకి పెంచితే అవి నోరు మూసుకుంటాయిలే, తీసే పని లేదు అనుకుంది. పెంచింది కూడా. పెంచిన ఫైల్ సర్వర్ చూసే అతనికి మెయిల్ చేసింది. అయితే మంచు వారంలో పరీక్ష కోసం అతనికే ఒక ఫైల్ పంపించింది, డీబగ్‌లో ఉన్నది. రెండిటికీ పేరు ఒకటే. అతను పాత మెయిల్ తెరిచి, అందులోది పెట్టేశాడు.

మార్చిలో ఒక శుక్రవారం సాయంత్రం రిలీజు అయింది. పిల్ల ఆ పూట నా టమాటా పప్పు రెండుసార్లు వేయించుకుని తింది. హమ్మయ్య అనుకున్నాను.

శనివారం పొద్దున పెసరట్లకి పిండి కలుపుతున్నాను. దాని ఫోన్ మోగింది. మేనేజరు. లాప్‌టాప్ తెరవమంటున్నాడని స్పీకర్లో పెట్టి టేబుల్ మీద పెట్టింది. ఆ లైన్లో ఇంకా మనుషులున్నారు. ఒకావిడ, ప్రోగ్రాముని పరీక్ష చేసే ఆవిడ. ఇంకొకాయన సెక్యూరిటీ చూసే ఆయన. ఆయన గొంతులో నవ్వనేది పుట్టి ఎరగదు. నాకు వచ్చిన ఇంగ్లీషు రెస్టారెంటు ఇంగ్లీషు, ఆర్డర్లూ తిట్లూ తప్ప పెద్దగా రాదు గానీ, సంగతి అందింది. తెల్లారేసరికి సర్వర్లో డిస్కు నిండిపోతోందని అలారం కొట్టిందట. చూస్తే లాగ్ ఫైల్ కొండంత పెరిగింది. దాన్నిండా ఏదో తెలీని భాష. ఎవరో బయటివాళ్ళు లోపలికి దూరి ఏదో కోడ్ భాషలో రాసుకుంటున్నారని సెక్యూరిటీ ఆయన అనుమానం. మా వర్జీనియాలో సగం కంపెనీలకి గవర్నమెంటు పని ఉంటుంది, అనుమానం పుడితే ఊరుకోరు.

పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.

అప్పుడు మేనేజరు ఒక్కో లైనూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఉప్పీ సానూ అన్నాడు. మూతా పెటానూ అన్నాడు. నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇవి నా మాటల్లా ఉన్నాయే అనుకుంటూ ఉండగానే, పాపూ డించానూ అని చదివి, హూ ఈజ్ పప్పు అని అడిగాడు.

పిల్ల టక్కున మ్యూట్ నొక్కింది. నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. మీ మాటలే పెట్టిన ఆంటీ, మంచు పడ్డప్పుడు కూర్చొని పెట్టిన అని గబగబా చెప్పేసి, "నాకు తెల్వదని చెప్తా ఆంటీ. వాళ్ళకెట్ల తెలుస్తది? తెలిస్తే నా హెచ్‌వన్ పోతది," అంది.

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నా వంటింటి మాటలు పట్టుకెళ్ళి గోడౌన్లో పెడుతుందా.

"తెలీదన్నావనుకో, దొంగ కోసం వెతుకుతారే. వెతుక్కుంటూ వెతుక్కుంటూ నా పొయ్యి దగ్గరికే వస్తారు. అప్పుడేం చెప్తావు?"

ఫోన్లో మేనేజరు హలో హలో అంటున్నాడు. అది వెళ్ళి మ్యూట్ తీసింది గానీ నోరు పెగల్లేదు. అటు వాళ్ళు ఆగారు, ఇటు ఇది ఆగింది. నాకిలాంటి నిశ్శబ్దం పడదు. అరగోడ మీదుగా వంగి, నా గొంతు సంగతి చెప్పాను కదా, "సార్, పప్పు ఈజ్ దాల్. మై దాల్. ఐ కుక్, ఐ టేక్ డౌన్ ఫ్రమ్ స్టవ్," అన్నాను.

ఫోన్లో ఆ పరీక్ష చేసే ఆవిడ నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు చేసింది. అప్పుడు పిల్లకి నోరొచ్చింది. అది తెలుగు, రాసింది నేను, గుర్తు కోసం పెట్టుకున్నాను, డీబగ్‌లో ఉంటే బయటికి రాదనుకున్నాను, ఇప్పుడు మాట్లాడినావిడ మా ఇంటి ఆంటీ అని మొత్తం చెప్పేసింది. దేన్నీ దాచలేదు.

సెక్యూరిటీ ఆయన నవ్వలేదు. ప్రతి లైనుకీ అర్థం ఇంగ్లీషులో రాసి మధ్యాహ్నంలోపు పంపమన్నాడు. అది నిజమో కాదో ఆఫీసులో ఇంకెవరైనా తెలుగువాళ్ళ చేత సరిచూయిస్తానన్నాడు. మేనేజరు మటుకు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. అదే పిల్లకి భయం. తిట్టినా బాగుండు ఆంటీ అంది.

పెసరట్లు పక్కన పెట్టి ఇద్దరం కూర్చున్నాం. ప్రోగ్రాములో ఉన్న వరసలో ఒక్కోటీ అది చదువుతుంటే నాకే సిగ్గేసింది. ఒక్కో ఆర్డరుకీ ఆ వరసంతా ఒకసారి రాసిందట ఆ ప్రోగ్రాం. ఆ రాత్రంతా గోడౌన్లో సరుకు కదిలినప్పుడల్లా నా ఉప్పు పడింది, నా పప్పు దిగింది. మా రెస్టారెంటులో కూడా అంత పప్పు వండి ఉండం.

ఉప్పేశాను, మూతపెట్టాను. ఇవి తేలిగ్గానే అయిపోయాయి. ప్రభువా ఈ మంచెప్పుడు కరుగుతుందో అన్నది కూడా ఉంది. అది ప్రార్థన అని రాయమన్నాను. ఈ పిల్లకి కారం తెలీదు అని ఒకటుంది. "నన్ను తిట్టింది కూడా పెట్టుకున్న చూడుండ్రి," అంది. పప్పు దించాను అన్నది కూడా అయింది. దాని తర్వాతి లైను దగ్గర అది ఆగిపోయింది.

ఏంటే అంటే చదివింది. 'బట్టతల దొర మళ్ళీ ఫోన్ చేశాడు.'

అది నేనన్న మాటే. ఆ మధ్య ఆఫీసులో క్రిస్మస్ పార్టీ ఫొటో చూపించింది, అందులో మేనేజరు ఎర్ర టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. నున్నటి గుండు, లైటు పడి మెరుస్తోంది. ఇంక అప్పట్నుంచీ నాకు ఆయన బట్టతల దొరే. మంచు వారంలో ఆయన గంటగంటకీ ఫోన్ చేసేవాడు, చేసినప్పుడల్లా నేను ప్రకటించేదాన్ని. అది కూడా కొట్టిపెట్టింది మహాతల్లి.

"మేనేజర్ కాల్డ్ అని రాస్త ఆంటీ. అబద్ధమైతే కాదు గదా," అంది.

"రాసుకో. మీ ఆఫీసులో తెలుగోళ్ళు ఎంతమంది?"

"సగం ఫ్లోర్ మనోళ్ళే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అన్ని లైన్లూ ఉన్నదున్నట్టు రాసి, ఈ ఒక్కటీ మార్చిందని తేలితే, మిగతావి కూడా ఎవడు నమ్ముతాడు. నేను అన్నానని రాయి, అన్నది నేనే కదా, వచ్చి నన్ను అడగమను అన్నాను. మీదేం పోయింది ఆంటీ, మీకు గ్రీన్ కార్డ్ ఉంది అని ఏడుపు గొంతుతో ఒక చురక వేసింది. వేసి, బట్టతల అని ఉన్నదున్నట్టే రాసి, కళ్ళు మూసుకుని పంపించేసింది. నేను ఒకదాని తర్వాత ఒకటి పెసరట్లు పోశాను. అది ఒక్కటీ ముట్టుకోలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి, మా ఇంట్లో ఒక బిడ్డ ఉద్యోగం గురించి అని మాత్రం చెప్పాను. లాగ్ అనీ బట్టతల అనీ చెప్పలేదు. మా చర్చిలో ముక్కాలు మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే, చెప్తే ఆమెన్ అనకముందే లేచి కాన్ఫిగ్ ఫైల్ చూపించమంటారు.

సోమవారం అది ఆఫీసుకి వెళ్ళింది. నేను ఇంట్లో చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. ఏ పనీ చేయబుద్ధి కాలేదు, చేయలేదు కాబట్టి చెప్పుకోవడానికీ ఏమీ లేదు. ఇల్లు బావురుమంది. సాయంత్రం కారు ఆగిన చప్పుడు వినబడగానే తలుపు తీశాను, తలుపు తీశాను అని పైకి అనడం కూడా మర్చిపోయాను.

అది బూట్లు విప్పకుండానే హాల్లో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఏడుపేమోనని దగ్గరికెళ్తే నవ్వే. తిన్నగా చెప్పి చావు అన్నాను. మీటింగులో ఏమైందో అప్పుడు చెప్పింది.

సెక్యూరిటీ ఆయన వాళ్ళ తెలుగతని చేత ప్రతి లైనూ సరిచూయించాడట. అన్నీ నిజమే అని తేలిందట. బయటివాళ్ళెవరూ దూరలేదు అని ఆయన ఒప్పుకున్నాడు. అంతటితో ఆయన పని అయిపోయింది. ఈలోపల ఆ పరీక్ష చేసే ఆవిడ, ఈ ఇంగ్లీషు అర్థాలు పక్కన పెట్టుకుని లాగ్ ఫైలంతా చదువుకుంటూ పోయిందట. లాగ్‌లో ప్రతి మాట పక్కనా ఎప్పుడు అన్నదో టైముంటుంది కదా. మామూలు ఆర్డర్లకి పప్పు దించడం, దొర ఫోన్ చేయడం రెప్పపాటులో అయిపోతున్నాయి. కొన్ని ఆర్డర్లకి మటుకు పప్పు దించిన తర్వాత దొర ఫోన్ చేయడానికి నిమిషాలకి నిమిషాలు పడుతోంది. అంటే ఆ మొండిగేదె నిలబడేది ఆ రెండిటి మధ్యలో. అక్కడ ఈ ప్రోగ్రాం ఇంకో గోడౌను కంప్యూటర్‌ని ఏదో అడిగి, జవాబు కోసం కాచుకుని కూర్చుంటోందట. పిల్ల పెట్టిన మంచి ఇంగ్లీషు లాగ్ ఉందే, అది ఆర్డరు మొదలైంది, అయిపోయింది అని మాత్రమే చెప్తుంది. మధ్యలో ఏమైందో చెప్పేవి నా మాటలొక్కటే. లెవెల్ సరిగ్గా పెట్టి ఉంటే అవి బయటికి వచ్చేవే కావు.

ఇంక మీటింగులో పై వాళ్ళకి ఆ సంగతి చెప్పాల్సింది మేనేజరే. అందరి ముందూ నిలబడి, మన ప్రాబ్లమ్ పప్పుకీ బట్టతల బాసుకీ మధ్యలో ఉంది అని చెప్పాడట. చెప్పి, తన గుండు మీద చెయ్యి వేసుకున్నాడట.

"మరి నీ సంగతేం చెప్పాడే?"

మీటింగ్ అయ్యాక దాన్ని గదిలోకి పిలిచి తలుపేసి గడ్డి పెట్టాడట. ప్రాబ్లమ్ దొరికింది అదృష్టం కొద్దీ, నువ్వు చేసింది మాత్రం తప్పే అన్నాడట. లాగ్ అనేది నువ్వు చదువుకోవడానికి కాదు, రేపు నువ్వు లేనప్పుడు ఇంకొకడు చదవడానికి, వాడికి అర్థం కాకపోతే అది ఉండీ లేనట్టే అన్నాడట. అప్పుడు ఆయన, వారంలోపల ఆ లైన్లన్నీ తీసేసి అందరికీ అర్థమయ్యేలా రాయి, టీములో ఇద్దరికి ఈ లాగింగ్ నేర్పించు, నీ హెచ్‌వన్ పేపర్లు లాయర్‌కి పంపమని చెప్పాను అన్నాడట. అంతా ఒకే వాక్యంలో అన్నాడట. ఇది బయటికి వచ్చి, సీట్లో కూర్చుని, అప్పుడు గానీ ఆ చివరి ముక్క చెవికెక్కలేదు. బాత్రూములోకి పోయి ఏడ్చుకుందట.

నేనూ కాస్త ఏడ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు కాబట్టి నిశ్చింతగా ఏడ్చాను.

ఆ వారం అది మళ్ళీ నా డైనింగ్ టేబుల్ దగ్గరికొచ్చి కూర్చుంది. బేస్‌మెంటులోకి వైఫై కోసం కొత్త డబ్బా కొనుక్కుని కూడా పైకే వచ్చింది. ఒక్కో లైనూ తీసేస్తూ నాకు చెప్తోంది.

"ఉప్పు తీసేస్తున్న ఆంటీ."

"తీసెయ్."

"ప్రార్థన తీసేస్తున్న."

"మంచు కరిగింది, తీసెయ్."

"పప్పు."

ఆ పప్పు దగ్గర నాకు కొంచెం చివుక్కుమంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. చదువూ సంధ్యా లేనిదాన్ని, నా నోటి మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండడం అదే మొదలు. దాని బదులు ఏం పెడుతున్నావంటే, సరుకు లెక్క చూడడం అయిపోయింది అని ఇంగ్లీషులో ఏదో చదివింది. ఉప్పూ కారం లేని మాట. సరేలే అన్నాను. తర్వాత అది కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది.

"ఏం, దొరని తియ్యవా?"

"తియ్యొద్దన్నడు."

"ఎవరు?"

"ఆయనే. ఇంగ్లీషుల పెట్టి ఉంచమన్నడు. అందరికీ అర్థమయితది గదా అన్నడు." అని, 'బాల్డ్ బాస్ కాల్డ్' అని కొట్టి నాకు చూపించింది. నాకు ఆ అక్షరాలు రావు. అయినా చూశాను. "డీబగ్‌లనే పెట్టిన ఆంటీ. లెవెల్ దించితే తప్ప బయటికి రాడు."

ఈసారి ఫైల్ సర్వర్ అతనికి మెయిల్లో పంపకుండా, తనే పక్కన కూర్చుని పెట్టించిందట. పెట్టించి, సరైనదే పెట్టాడా అని మళ్ళీ తెరిచి చూసిందట. అది విని నాకు ముచ్చటేసింది.

తర్వాత దానికి పెళ్ళయింది, క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, కారునిండా సామాను వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా వంటింట్లోకి వచ్చి, పొయ్యి వైపు ఒకసారి చూసి, "కట్టేసిన్రా ఆంటీ?" అని అడిగింది. కట్టేశాను అని గట్టిగా చెప్పాను.